ఇంట్లో కెమెరాలు, మైకులు ఉన్నాయని అతిథులకు ఎలా చెప్పాలి

అతిథి గడప దాటాక కాదు, వస్తున్నామని ఫోన్ చేసినప్పుడే చెప్పండి. "హాల్లో కెమెరా, వంటింట్లో మాటలు వినే స్పీకర్ ఉన్నాయి. మీరున్నన్ని రోజులూ కెమెరా తీసేస్తాం, స్పీకర్ వద్దంటే అదీ ఆపేస్తాం." ఇంత చాలు.

అంతకంటే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. డోర్‌బెల్, పిల్లల గది మానిటర్, టీవీ రిమోట్‌లోని మైకు సాధారణంగా గుర్తుకురావు.

స్పీకర్ సంగతి కాస్త వివరించాలి. "అలెక్సా" లాంటి పిలుపు మాట కోసం అది ఎప్పుడూ వింటూనే ఉంటుంది. ఆ మాట వినపడ్డాకే రికార్డింగ్ కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. అయితే పిలుపు మాటను పోలిన శబ్దమేదైనా వినిపిస్తే పొరపాటున మేలుకోవచ్చు. అమెజాన్ ఎకో స్పీకర్‌లో మైకు బటన్ నొక్కితే మైకు ఆగి ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ లైటుకు అర్థమేమిటో అతిథికి చూపించండి.

కెమెరాకు వైఫై ఆపితే సరిపోదు. లోపల మెమరీ కార్డుంటే రికార్డింగ్ సాగుతూనే ఉండొచ్చు. ప్లగ్ పీకేయండి; బ్యాటరీదైతే స్విచ్ ఆపి అల్మారాలో పెట్టండి. లెన్సుకు గుడ్డ కప్పితే బొమ్మ ఆగుతుంది, మాటలు ఆగవు. పడకగదిలో, స్నానాల గదిలో మాత్రం కెమెరా ఉండనే కూడదు. ముందే చెప్పాం కదా అంటే అది సబబు కాదు.

గుమ్మం దగ్గరి డోర్‌బెల్ ఆపలేకపోతే ఆ వీడియోలు ఎవరు చూడగలరో, ఎన్నాళ్లు నిలవ ఉంటాయో చెప్పండి. ఏదైనా ఆపమని అడిగితే కారణం అడక్కండి. వాళ్లు వెళ్లాక యాప్‌లో ఆ తేదీల రికార్డింగులు తుడిచేయండి.