లా కాలేజీ ఎంచుకునే ముందు ఎనిమిదేళ్ల లెక్క వేయండి

లా సీటు గురించి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేది "ఏ కాలేజీ మంచిదండీ?" అని. నేను తిరిగి అడిగేది "అమ్మాయి ఏ పని చేద్దామనుకుంటోంది, ఏ ఊళ్లో ఉండి చేద్దామనుకుంటోంది?" అని. ఈ రెండిటికీ ఉజ్జాయింపుగానైనా జవాబు లేకపోతే ఫలానా ఫీజు ఎక్కువా తక్కువా అన్నది ఎవరూ చెప్పలేరు.

నేను రాజమండ్రిలో సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తాను, జూనియర్లను తీసుకుంటాను. ఏడాదికి మూడు లక్షలు కట్టి చదివినవాళ్లూ వచ్చారు, రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి తక్కువ ఫీజు ఉండే కన్వీనర్ సీటులో చదివినవాళ్లూ వచ్చారు. ఇద్దరికీ నేనిచ్చే స్టైపెండ్ ఒకటే. జిల్లా కోర్టుల్లో చాలా ఆఫీసుల్లో ఇంతే, ఏ కాలేజీ అన్నది జీతం దగ్గర లెక్కలోకి రాదు. ఖరీదైన డిగ్రీకి అదనంగా డబ్బు కట్టే మార్కెట్ ముంబై, ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్ కార్పొరేట్ ఆఫీసుల్లో ఉంది. అక్కడికి వెళ్లే ఉద్దేశం, వెళ్లగలిగే అవకాశం రెండూ ఉన్నవాళ్లే ఆ ఖర్చు పెట్టాలి.

ఖర్చు లెక్క

ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సు కాబట్టి అందరూ అయిదేళ్ల ఫీజు, హాస్టల్ లెక్కేసి ఆపేస్తారు. కోర్టు ప్రాక్టీసుకు వెళ్లే పిల్లకు ఆ తర్వాత ఇంకో మూడేళ్లు ఇంటి నుంచి డబ్బు పంపాల్సి వస్తుంది. అందుకే ఎనిమిదేళ్లకు వేయమంటాను. 2024 అక్టోబరులో లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వమని చెప్పింది. అది సూచన మాత్రమే. మా వైపు చాలా ఆఫీసుల్లో అంత ఇవ్వరు, కొన్నిచోట్ల పెట్రోలు ఖర్చులతో సరిపెడతారు. ఇది నాకు బాధ కలిగించే విషయం. చదువుకున్న పిల్లలు మధ్యలోనే ప్రాక్టీసు వదిలేసి వెళ్లిపోవడానికి సగం కారణం ఇదే.

జడ్జి కావాలనుకునేవాళ్లకు ఈ మూడేళ్లు ఇంకా ముఖ్యం. కొత్తగా పాసైనవాళ్లు నేరుగా పరీక్ష రాసే పద్ధతి పోయింది. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని తీర్పు ఇచ్చింది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (అడ్వకేటుగా బార్ కౌన్సిల్‌లో తాత్కాలిక నమోదు) తేదీ నుంచే ఆ మూడేళ్లు లెక్కకొస్తాయి కాబట్టి రిజల్ట్ రాగానే ఎన్‌రోల్ చేయించుకోవాలి, ఏఐబీఈ (ఆలిండియా బార్ పరీక్ష) కోసం ఆగకూడదు. మూడేళ్లు జూనియర్‌గా నిలదొక్కుకోవాలంటే చేతిలో కాస్త డబ్బుండాలి. ఆ డబ్బంతా ఫీజులకే పోస్తే జడ్జి కల అక్కడే ఆగిపోతుంది.

ఇక బ్యాంకు లోను. దీన్ని కాగితం మీద వేసి చూపిస్తే తప్ప ఎవరికీ తెలిసిరాదు. ఏడాదికి 3 లక్షల చొప్పున అయిదేళ్లకు 15 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. కోర్సు అయిన మరో ఏడాది వరకు సాధారణంగా కిస్తీలు కట్టక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే నడుస్తుంది. మొదటి ఏడాది తీసుకున్న 3 లక్షలకు ఆరేళ్ల సాధారణ వడ్డీ 1,80,000. రెండో ఏడాదిదానికి 1,50,000. అలా తగ్గుతూ చివరి 3 లక్షలకు 60,000. కూడితే వడ్డీయే 6 లక్షలు. కిస్తీలు మొదలయ్యే నాటికి బాకీ 21 లక్షలు. దాన్ని పదిహేనేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 22,600 రూపాయలు, పదేళ్లలో అయితే దాదాపు 27,750. అంటే బార్ కౌన్సిల్ సూచించిన 20,000 పూర్తిగా చేతికొచ్చినా అది కిస్తీకే చాలదు. తిండికి, గది అద్దెకు ఏముంటుంది?

కాబట్టి కోర్టు ప్రాక్టీసే చేస్తానని పిల్లకు గట్టిగా ఉంటే అప్పు చేసి జాతీయ లా యూనివర్సిటీకి పంపొద్దు. అప్పు లేకుండా పంపగలిగితే అది వేరే మాట. తప్పక లోను తీసుకునేవాళ్లు కేంద్ర ప్రభుత్వ విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి సంగతి బ్యాంకులో అడగండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోనుపై, కిస్తీలు మొదలయ్యే వరకు, 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. జాబితాలో ఉన్న సంస్థలకే ఇది వర్తిస్తుంది, అందుకే సీటు తీసుకోకముందే జాబితాలో పేరు చూసుకోండి. కిస్తీలు మొదలయ్యే దాకా ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తే పైన చెప్పిన ఆ 6 లక్షలు బాకీలో చేరవు.

ఉద్యోగాల లెక్క

కాలేజీ బ్రోషర్‌లో ఉండేది అందరికంటే ఎక్కువ జీతం ఎవరికొచ్చిందన్న సంగతి. దాన్ని చదవడం మానేయండి. కాలేజీలకు కేంద్ర ప్రభుత్వం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెబ్‌సైటులో లా విభాగం ర్యాంకులు తెరిస్తే, ఒక్కో కాలేజీ పేరు దగ్గర అది సమర్పించిన వివరాల పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో ప్లేస్‌మెంట్ పట్టికలో నాలుగు గళ్లు చూడాలి: సమయానికి కోర్సు పూర్తి చేసినవాళ్లు ఎంతమంది, ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు వెళ్లినవాళ్లు ఎంతమంది.

చదివే పద్ధతి ఇది. ఒక కాలేజీలో 60 మంది పాసయ్యారు, 22 మందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం 8 లక్షలు, పై చదువులకు 10 మంది వెళ్లారు అనుకుందాం. చాలామంది ఇది చూసి "ఈ కాలేజీలో 8 లక్షలు వస్తాయి" అంటారు. మధ్యస్థం అంటే ఆ 22 మందిలో సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. అంటే 60 మందిలో 8 లక్షలు, ఆపైన వచ్చింది ఓ 11 మందికి. మిగిలిన 28 మంది ఏ గడిలోనూ కనబడరు. వాళ్లలో ఇష్టపడి కోర్టుకు వెళ్లినవాళ్లు ఉంటారు, ఉద్యోగం దొరకక వెళ్లినవాళ్లూ ఉంటారు, పట్టిక చూసి ఇద్దరినీ వేరు చేయలేం. అందుకే మీ అబ్బాయి తరగతిలో మొదటి పదిమందిలో ఉంటాడని లెక్క వేసుకోకుండా, ముప్పయ్యో వాడికి ఏం దొరికిందో కనుక్కోండి. నాలుగైదేళ్ల పీడీఎఫ్‌లు వరసగా తీసి చూస్తే ఆ కాలేజీ పైకి పోతోందో కిందికి పోతోందో కూడా తెలుస్తుంది.

రాష్ట్ర చట్టాలతో ఏర్పడ్డ జాతీయ లా యూనివర్సిటీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. శామీర్‌పేటలోని నల్సార్ అయినా, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ అయినా దరఖాస్తు పెట్టి, గత మూడు బ్యాచ్‌లలో క్యాంపస్ ఎంపికలు ఎన్ని, ఇంటర్న్‌షిప్ ద్వారా వచ్చిన ఆఫర్లు ఎన్ని అని అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆప్షన్లు పెట్టే రోజు దాకా ఆగితే ఇది పనికిరాదు, పరీక్ష రాసిన వారమే పంపేయండి.

దానికంటే త్వరగా పనయ్యేది పాత విద్యార్థులతో మాట్లాడటం. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేరు, పాసైన ఏడాది కొట్టి చూడండి. మన తెలుగువాళ్లు ఎవరో ఒకరు కనిపిస్తారు, మర్యాదగా అడిగితే పిల్లలు దాచుకోకుండా చెబుతారు. జీతం అడిగి ఊరుకోవద్దు. ఇంటర్న్‌షిప్‌లకు ఎంత ఖర్చయిందో కూడా అడగండి. అయిదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలన్నది బార్ కౌన్సిల్ నిబంధన. పెద్ద లా ఫర్ములో (కంపెనీల న్యాయపనులు చూసే లాయర్ల సంస్థలో) ఉద్యోగానికి దారి కూడా ఎక్కువగా అదే. ఢిల్లీలోనో ముంబైలోనో నెల రోజులు గది తీసుకుని పనిచేయాలి, చాలాచోట్ల పైసా ఇవ్వరు. ఈ ఖర్చు ఏ ఫీజుల పట్టికలోనూ ఉండదు.

ఎవరికి ఏది నప్పుతుంది

కార్పొరేట్ ఫర్మే లక్ష్యమైతే, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో పై వరస యూనివర్సిటీల్లో సీటు వచ్చే ర్యాంకు ఉంటే, లోను తీసుకుని వెళ్లడంలో తప్పులేదు. పెద్ద ఫర్ములు క్యాంపస్‌కు వెళ్లేది ఆ కొన్నింటికే. కింది వరసలో కొత్తగా పెట్టిన యూనివర్సిటీ పేరులోనూ "జాతీయ" అని ఉంటుంది, ఫీజు కూడా దాదాపు అంతే ఉంటుంది, ఫర్ములు మాత్రం రావు. నేను అన్నిటికంటే గట్టిగా వద్దనేది ఇలాంటి సీటునే. ఎన్‌ఆర్‌ఐ కోటాలో రెట్టింపు కట్టి అలాంటి చోట చేరడం మరీ అన్యాయం.

సొంత జిల్లాలో ప్రాక్టీసు చేయాలనుకునే పిల్లకు లాసెట్ చాలు. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలకు మంచి పేరుంది, ఫీజు లక్షల్లో ఉండదు, అర్హత ఉంటే ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. అంతకంటే పెద్ద లాభం ఊరి కోర్టుకు దగ్గరగా ఉండటం. మా ఆఫీసులో కొత్త జూనియర్‌కు నేనిచ్చే మొదటి పని పాత దస్తావేజు చదవడం. గొలుసుకట్టు చేతిరాత, ఎకరాలు సెంట్లలో విస్తీర్ణం, సర్వే నంబరు, సబ్ డివిజను, నాలుగు హద్దులు. ఇవన్నీ దావాలో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో అక్షరం తేడా లేకుండా రావాలి. తూర్పు హద్దు తప్పు పడితే రేపు డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయమని వేసే ఈపీలో కోర్టు అమీను ఆ స్థలాన్ని స్వాధీనం చేయలేడు. సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రికార్డవుతుంటే, "ఇచ్చాను" అన్నది "ఇస్తానన్నాను"గా మారకుండా పట్టుకోవాలి. ఇది మన కోర్టుల్లో తిరిగితేనే వస్తుంది. సెలవుల్లో ఏ సీనియర్ గారి దగ్గరో కూర్చున్న కన్వీనర్ సీటు పిల్లలు ఈ పనిలో చాలా ముందుంటారు.

డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లు అయిదేళ్ల కోర్సు వైపు చూడకుండా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయండి, రెండేళ్ల ఖర్చు మిగులుతుంది. బీకాం చేసి వచ్చినవాళ్లకు జీఎస్టీ, ఆదాయపు పన్ను వైపు పని త్వరగా దొరకడం చూస్తున్నాను.

చేరేముందు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో ఆ కాలేజీకి ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో చూసుకోండి. "అటెండెన్స్ అక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అనే కాలేజీకి దండం పెట్టి వచ్చేయండి. దూరవిద్యలో చేసిన లా డిగ్రీతో ఎన్‌రోల్ కాలేరు. స్కాలర్‌షిప్ ఇస్తామంటే రెండో ఏడాది కూడా ఉంటుందా, ఎన్ని మార్కులు తగ్గితే పోతుంది అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి బెంగ వద్దు. జనరల్ అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 మించి తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది.

తక్కువ ఖర్చు కాలేజీలో చేరితే తలుపులన్నీ మూసుకుపోతాయేమోనని పిల్లలు టెన్షన్ పడతారు. ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాదిలో ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష క్లాట్ పీజీ రాయొచ్చు, ఏ కాలేజీ అని ఎవరూ అడగరు. సైన్యంలోని న్యాయ విభాగం జాగ్‌కు ఎల్‌ఎల్‌బీలో 55 శాతం మార్కులతో పాటు ఆ స్కోరు అడుగుతున్నారు. ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ లాంటి సంస్థలు దాంతో లా ఆఫీసర్లను తీసుకున్న నోటిఫికేషన్లున్నాయి. ప్రభుత్వ బ్యాంకుల్లో లా ఆఫీసర్ పోస్టులకు ఐబీపీఎస్ పరీక్ష ఉంది, దానికి అడ్వకేటుగా ఎన్‌రోల్ అయి ఉండాలి. మొదటి ఏడాది నుంచే రాజ్యాంగం, కాంట్రాక్టు, క్రిమినల్ చట్టాలు గైడ్లలో కాకుండా అసలు చట్టం పుస్తకం పెట్టుకుని చదివితే ఈ పరీక్షలకు విడిగా కోచింగ్ కట్టే అవసరం చాలామందికి రాదు.