పెరట్లో కోళ్లకు చోటెంత ఉండాలి? కింద ఏం పరవాలి?

మా ఇంటికి కోళ్లు ముందొచ్చాయి, గూడు తర్వాత వచ్చింది. సంతలో బేరం కుదిరిందని ఆరు పెట్టల్నీ ఒక పుంజునీ ఆటోలో వేసుకొచ్చాను. ఇంటి వెనక మట్టి నేలలో నాలుగు రాటలు పాతి, చుట్టూ జాలీ కట్టి, పైన రేకు వేశాను. ఎండాకాలమంతా బాగానే గడిచింది. ఆషాఢంలో మూడు రోజులు ముసురు పట్టేసరికి లోపలంతా చీలమండ దాకా బురద. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేంత వాసన. రెండు పెట్టలు రక్త పారుడుతో పోయాయి. పశువుల డాక్టరుగారు మందు రాసిచ్చి, బండి ఎక్కుతూ "ముందు ఈ నేలకి వైద్యం చేయించండి" అన్నారు.

ఆ తర్వాత కట్టింది మాత్రం నిలబడింది. వరసగా చెబుతాను.

కోళ్లు కొనకముందే చోటు కొలవండి

నాకు గుర్తుండే లెక్క ఒక్కటే: కోడికో గజం. అంటే 9 చదరపు అడుగులు. ఇది పగలు తిరిగే జాలీ దొడ్డికి. రాత్రి పడుకునే గూట్లో ఒక్కోదానికి 2 చదరపు అడుగులు చాలు. పది కోళ్లకైతే 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గూడు, దాని ముందు పది గజాల దొడ్డి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకాల్లో గ్రామప్రియ గుడ్ల కోడి, దానికి ఈ లెక్క సరిపోతుంది. వనరాజా ఒళ్లు చేసే రకం కాబట్టి ఇంకాస్త ఎక్కువ ఇవ్వాలి. పందెం రకమైన అసీల్ పుంజులు రెండుంటే ఈ గజాల లెక్కలేవీ పనిచేయవు, మధ్యలో అడ్డుగోడ కట్టాల్సిందే.

చోటు ఇరుకైతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. తోక మొదట్లో ఈకలు రాలి ఎర్రటి చర్మం కనిపిస్తే అనుమానించాల్సింది ముందు ఇరుకునే. మీకు ఐదు గజాలే ఉంటే ఐదు కోళ్లే తెచ్చుకోండి. ఆరోది ఊరికే ఇస్తామన్నా వద్దనండి.

నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి

మంచి వాన పడ్డాక గొడుగు వేసుకుని పెరట్లో ఓ ఐదు నిమిషాలు నిలబడండి. నీళ్లు ఆగే మూల మీకే కనిపిస్తుంది. అక్కడ తప్ప ఎక్కడ కట్టినా ఫరవాలేదు. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే మే నెల ఎండ నేరుగా లోపలికి కొట్టదు. చూరు మూడడుగులైనా బయటికి రావాలి, లేకపోతే జల్లు లోపలికి కొడుతుంది.

గూట్లో గచ్చు, గచ్చు మీద ఊక

గూటి నేలను చుట్టుపక్కల కన్నా అడుగు ఎత్తు లేపి సిమెంటు గచ్చు చేయించండి. తలుపు వైపు కాస్త వాలు ఉంటే కడిగిన నీళ్లు నిలవవు. పందికొక్కులు కన్నం వేయకుండా కూడా గచ్చే దిక్కు. అయితే ఉత్త గచ్చు మీద కోళ్లను ఉంచకండి. రాత్రి పడుకునే అడ్డకర్ర మీద నుంచి రోజూ గట్టి నేల మీదికి దూకి దూకి అరికాళ్లు వాచి పుండ్లు పడతాయి.

గచ్చుకు సున్నం కొట్టి, బాగా ఆరాక, మూడంగుళాల మందాన వరి ఊక పరవండి. ఫారాల్లో దీన్నే లిట్టర్ అంటారు. ఒక్కో కోడి రోజుకు వంద గ్రాములు దాటే రెట్ట వేస్తుంది, అందులో ముప్పాతిక భాగం నీళ్లే. పది కోళ్లంటే రోజుకు కిలో పైమాటే. ఆ తడిని పీల్చి గాలికి వదిలేయడమే ఊక పని. ఊక దొరకని చోట రంపపు పొట్టు వాడొచ్చు, మరీ పిండిలా ఉన్నది వద్దు. అనంతపురం వైపు వేరుశనగ పొట్టు చవక, కానీ తడిస్తే త్వరగా బూజు పడుతుంది. వరిగడ్డి అలాగే పరిస్తే అట్టకట్టేస్తుంది, ముక్కలు కొట్టి వేయాలి.

రెట్ట కిందికి జారిపోతుందని కొందరు జాలీ నేల వేయిస్తారు. శుభ్రంగానే ఉంటుంది, కాదనను. కానీ గీరడానికి ఏమీ లేని కోడిని చూస్తే నాకు జాలేస్తుంది, పైగా బరువు కోళ్లకు కాళ్లు దెబ్బతింటాయి.

నేలకు రెండడుగుల ఎత్తున అడ్డకర్రలు కట్టండి, కోడికి ఎనిమిదంగుళాల చొప్పున. రాత్రి రెట్టంతా వాటి కిందే పడుతుంది కాబట్టి, పొద్దున్నే అక్కడ ఒక్క చోట పారతో తీసేస్తే సగం పని అయిపోయినట్టే.

ఊక గుప్పిట పట్టి చూడండి

ఇది వారానికోసారి తప్పనిసరి. ఒక గుప్పెడు ఊక తీసుకుని గట్టిగా నొక్కి వదలండి. పొడిపొడిగా రాలిపోతూ రెండు మూడు గింజలు చేతికి అంటుకుంటే బాగుందని అర్థం. ముద్దలా ఉండిపోతే తడి ఎక్కువైంది. అసలు అంటుకోకుండా దుమ్ము లేస్తే మరీ ఎండింది, కోళ్లు తుమ్ముతాయి. తడైన ముద్దలు ఏరి పారేసి, కొత్త ఊక కలిపి తిరగేయండి. తెల్లవారి తలుపు తీయగానే కళ్లు మండాయంటే ఆలస్యం చేశారన్నమాట. ఆ మంట రెట్టలోంచి పుట్టే అమ్మోనియాది. రక్త పారుడు తెచ్చే క్రిములూ ఆ తడిలోనే పెరుగుతాయి.

తడికి పెద్ద కారణం రెట్ట కాదు, నీళ్ల గిన్నె. రెండు ఇటుకలు పేర్చి గిన్నెను కోడి వీపు ఎత్తుకు లేపితే ఒలకబోయడం చాలా తగ్గుతుంది.

దొడ్డి నేల

దొడ్డికి గచ్చు వద్దు, ఎండాకాలం పెనంలా కాలుతుంది. మొరం పోసి దిమ్మిస చేసి, పైన నాలుగంగుళాలు ముతక ఇసుక పోయండి. వాన నీళ్లు కిందికి దిగిపోతాయి, రెట్టను దంతెతో లాగేయొచ్చు. ఒక మూల నీడలో బూడిద, ఇసుక కలిపి పోస్తే అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి.

జాలీ విషయంలో కక్కుర్తి పడకండి. చవగ్గా వచ్చే పల్చటి కోళ్ల జాలీని కుక్క ఒక్క ఊపులో చించేస్తుంది. అరంగుళం కన్నాల వెల్డ్ మెష్ తీసుకుని, అడుగు లోతు పాతేయండి. మా దొడ్లో ముంగిస పైనుంచి రాలేదు, తవ్వుకుని కింద నుంచి వచ్చింది.

ఏటా తొలకరికి ముందు గూట్లో ఊకంతా మార్చేయండి. మేం పాత ఊకను రెండు మూడు నెలలు గుంతలో మగ్గనిచ్చి కొబ్బరి పాదుల్లో వేస్తాం. మగ్గకముందే వేస్తే మొక్కలు మాడిపోతాయి. ఒకసారి ఆత్రంగా వంగ నారుకి వేశాను, మళ్లీ నారు కొనుక్కోవాల్సి వచ్చింది.