కాగితం పూల చెట్టు పూయడం లేదా? ముందు నీళ్లు ఆపి చూడండి

కాగితం పూల చెట్టు, అంటే బోగన్‌విలియా, కుండీల్లో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు మనం ప్రేమగా పోసే నీళ్ల వల్లే వస్తాయి. అందుకే ఏ మందూ కొనకముందు చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు.

ఆకు గుబురుగా ఉంది, పువ్వు లేదు

అందరూ అడిగేది ఇదే. మొదట ఎండ సంగతి చూడండి. రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి. బాల్కనీలో వెలుతురు వస్తే చాలదు, కుండీని డాబా మీదికి చేర్చండి.

ఎండ బాగానే ఉన్నా పూయలేదంటే నీళ్లో, యూరియానో ఎక్కువైనట్టు. యూరియాలో ఉండే నత్రజని ఎక్కువైతే తీగ సాగుతూనే ఉంటుంది. ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోట దగ్గరగా గమనించండి. అక్కడ పుట్టే మొలకే పరిస్థితులు కుదిరితే పూగుత్తి అవుతుంది, లేకపోతే ముల్లుగా మారిపోతుంది. నాకు ఈ చెట్టులో అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది ఇదే.

ఏం చేయాలంటే, నత్రజని ఎరువులు ఆపేయండి. లేత చిగుళ్లు కాస్త వాలేదాకా ఆగి, అప్పుడు కుండీ అడుగు నుంచి కారేలా నిండుగా పోయండి. మళ్లీ వాలేదాకా ఆగండి. కొన్ని వారాలు ఇలా చేస్తే మొగ్గ పడుతుంది. మొగ్గ కనిపించాక మాత్రం మట్టిని మరీ ఎండనివ్వకండి, రాలిపోతుంది. పూలు కొత్త చిగురు మీదే వస్తాయి కాబట్టి ఒక దఫా పూత అయిపోగానే పొడవాటి కొమ్మలను మూడో వంతు కత్తిరించాలి. చేతికి మందపాటి గ్లౌజులు తప్పనిసరి.

వానాకాలంలో పూత తగ్గితే టెన్షన్ పడొద్దు. మన దగ్గర దీని అసలు సీజన్ పగటిపొద్దు తగ్గే చలికాలం నుంచి ఎండాకాలం దాకా.

ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి

ఏ ఆకులో చూడండి. ముదురాకులు పండి రాలుతూ, మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి ఆడటం లేదు. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి, కింద పళ్లెం ఉంటే తీసేయండి. మట్టి తడిగా ఉండగానే కొమ్మలు వడలితే వేరుకుళ్లు మొదలైనట్టే. అప్పుడు నీళ్లు పూర్తిగా ఆపి, ఇసుక కలిపిన ఎర్రమట్టిలోకి మార్చాలి.

లేతాకులే పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ఉప్పు తేలే బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఇది మామూలు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వాన నీళ్లు పట్టి పెట్టుకుని పోస్తే ఇంకా మంచిది.

కుండీ మార్చగానే ఆకులన్నీ రాలాయి

దీని వేళ్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి. మట్టిగడ్డ చెదిరితే చెట్టు బెదిరిపోతుంది. ఈసారి పాత మట్టిని దులపకుండా గడ్డతో సహా దించండి, అదీ ఒక సైజు పెద్ద కుండీలోకే. ఇప్పటికే రాలిపోయి ఉంటే గోటితో బెరడు కొద్దిగా గీకండి. లోపల పచ్చగా కనిపిస్తే బతికే ఉంది. కొన్నాళ్లు తక్కువ నీళ్లతో, ఎరువేమీ వేయకుండా వదిలేయండి, చిగురు వేస్తుంది.

ఆకుల అంచులు కొరికినట్టున్నాయి, పురుగు కనబడదు

రాత్రిపూట తినే పచ్చ పురుగు ఇది. చీకటి పడ్డాక టార్చి వేసి ఆకుల అడుగున వెతికి ఏరేయండి. చిగుళ్ల దగ్గర తెల్లటి దూది ముద్దల్లా ఉంటే అది పిండినల్లి. నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి చల్లండి.