నడివయసు ప్రేమకథకు స్క్రీన్‌ప్లే రాయడం ఎలా?

యాభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఒక మహానగరంలో ప్రేమలో పడే కథను సినిమాగా రాయాలనుకునేవారిలో చాలామంది ముందుగా తొలి పరిచయ సన్నివేశం రాసుకుంటారు. అంతకంటే ముందు రాసుకోవలసినవి ఆ ఇద్దరి దినచర్యలు. పాతికేళ్ల జంట కథలో అడ్డంకి పెద్దల రూపంలోనో, అంతస్తుల తేడాగానో, ప్రతినాయకుడిగానో బయటి నుంచి వస్తుంది. ఈ వయసువారికి మాత్రం అప్పటికే ఒక పద్ధతిలో కుదురుకుపోయిన జీవితమే అడ్డంకి, కాబట్టి నిండిపోయిన రోజులో మరో మనిషికి చోటు ఎలా దొరుకుతుందన్నదే కథ అవుతుంది.

రెండు కాగితాలు తీసుకుని, ఒక్కో పాత్ర నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే వరకు గంట గంటకూ ఏం చేస్తుందో రాయండి. ఉదాహరణకు, ఆమెకు 51 ఏళ్లు, ఒక కార్యాలయంలో లెక్కలు చూస్తుంది, మంచం పట్టిన తండ్రికి రాత్రి 7:30కు మందులు వేయాలి. అతనికి 56 ఏళ్లు, లిఫ్టులు మరమ్మతు చేస్తాడు, షిఫ్టు వారానికోసారి మారుతుంది. రెండు కాగితాలనూ పక్కపక్కన పెడితే ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరికేది మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం 6:10 నుంచి 6:50 వరకేనని తేలిందనుకోండి, ఆ నలభై నిమిషాలే మీ సినిమా. అప్పుడు ఆమె ఎక్కవలసిన బస్సు పన్నెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ప్రేక్షకుడు కుర్చీ అంచుకు వస్తాడు, విలన్ అక్కర్లేదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. డేవిడ్ లీన్ 1945లో తీసిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’లో వేర్వేరు సంసారాలున్న ఇద్దరు గురువారాలు మాత్రమే కలుసుకోగలరు, వారి ప్రతి మాట మీదా రైలు వేళ నీడలా పడుతుంది. రితేశ్ బత్రా 2013 నాటి ‘ద లంచ్‌బాక్స్’లో చేరవలసిన చోటికి కాక మరొకరికి చేరిన క్యారేజీ ఇద్దరు అపరిచితుల మధ్య ఉత్తరాలు నడిపిస్తుంది. రెండింటిలోనూ ఊరి రాకపోకలే కథను కదిలిస్తాయి.

అందువల్ల నగరాన్ని అందమైన తెరగా వాడకండి. ఎత్తైన భవనాల మీదుగా తేలిపోయే డ్రోన్ షాట్ ఏ సినిమాలోనైనా అతుకుతుంది, ఈ ఇద్దరి గురించి ఏమీ చెప్పదు. మూడు నాలుగు చోట్లు ఎంచుకుని, వాటికే వేర్వేరు వేళల్లో మళ్లీ మళ్లీ రండి. మొదటిసారి కిక్కిరిసి ఉన్న ప్లాట్‌ఫాం, కథ ముదిరాక చివరి రైలు వేళకు ఖాళీగా కనిపించినప్పుడు, ప్రేక్షకుడికి మాటల్లో చెప్పకుండానే వారి తెగింపు తెలుస్తుంది. దూరంగా ఉన్నవారిని దగ్గరగా చూపే లాంగ్ లెన్స్‌తో దూరం నుంచి తీస్తే జనం వారికీ కెమెరాకూ మధ్య నుంచి నడిచిపోతారు, ఆ గుంపులో ఎవరూ తమను పట్టించుకోరన్న ధీమా, తెలిసినవారెవరైనా చూస్తారేమోనన్న బెరుకు ఒకే ఫ్రేములో పడతాయి.

వయసును సంభాషణల్లో ప్రకటించవద్దు, పనిలో చూపించండి. నలభై దాటాక కంటిలోని కటకం సాగే గుణం తగ్గి దగ్గరి అక్షరాలు మసకబారతాయి. అతను గోడ మీది బస్సు వేళల పట్టిక చదవబోయి, జేబు తడుముకుని, కళ్లద్దాలు మరిచిపోయానని గ్రహిస్తాడు. ఆమె తన కళ్లద్దాలు తీసి ఇస్తుంది. పెట్టుకుని చదివి, అద్దాల పవర్ గురించి ‘‘మీదీ రెండేనా?’’ అంటాడు. ఆమె తల ఊపుతుంది. ఈ సన్నివేశానికి అంతకు మించి ఒక్క మాట చేర్చినా బరువు తగ్గుతుంది. జుట్టుకు వేసిన రంగు మీదా, కీళ్లనొప్పుల మీదా హాస్యం పండించాలన్న ఆశ మాత్రం వదులుకోవాలి, అది పాత్రలను చూసి నవ్వడమే తప్ప వాటితో కలిసి నవ్వడం కాదు.

గతాన్ని చెప్పడానికి ఫ్లాష్‌బ్యాక్ కన్నా ఇప్పటికీ వదలని చిన్న అలవాటు మేలు. ఆస్పత్రిలో తండ్రిని చేర్పించేటప్పుడు, దరఖాస్తులో అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలన్న గడి దగ్గర ఆమె కలం ఆగి, విడాకులై తొమ్మిదేళ్లయిన భర్త నంబరే చేతికి అలవాటుగా రావడం, దాన్ని కొట్టివేయడం చూపిస్తే చాలు. ఎదిగిన పిల్లల అభ్యంతరాలకు ఒకటి రెండు సన్నివేశాలకు మించి ఇవ్వకండి, లేకపోతే కథ వారిదైపోతుంది.

ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషమన్నది వాడుకలో ఉన్న లెక్క, కానీ ఇలాంటి కథలో మౌనాలు ఎక్కువ కాబట్టి తొంభై పేజీలే రెండు గంటల దగ్గరకు రావచ్చు. రాత పూర్తయ్యాక ఇద్దరు నడివయసు నటులతో పైకి చదివించి, గడియారం పట్టుకుని, వారు సహజంగా ఆగిన ప్రతి చోటా గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తుల పక్కనున్న మాటల్లో చాలావరకు తీసేయవచ్చు. ముగింపుకు పెళ్లి పందిరి వెతకనవసరం లేదు, మొదట్లో రాసుకున్న ఆ రెండు కాగితాలను మళ్లీ తీసి, ఎవరి రోజులో ఏ గంట మారిందో చూసి, మారిన ఆ గంటనే చివరి సన్నివేశంగా రాయండి.