పాత కారు ఫ్లోర్‌కి చిల్లులా? ముందు నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూడండి

మా పాత మారుతి 800లో డ్రైవర్ మడమ ఆనే చోట చిల్లు పడితే, ఆటోనగర్‌లో ఒక షెడ్డులో తుప్పు మీదే రేకు పెట్టి వెల్డింగ్ కొట్టించాను. మరుసటి వానాకాలానికి ఆ రేకు చుట్టూ కొత్త చిల్లులు! నీళ్లు ముందు అద్దం రబ్బరులోంచి కారుతున్నాయని అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

సమస్య: మ్యాట్ కింద తడి, ముక్కిన వాసన.

కారణం: ఎండ రోజుల్లో కూడా ఏసీ వేసినప్పుడు ఎడమవైపు తడుస్తుంటే, ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మూసుకుపోయినట్టే. వాన పడ్డాకే తడిస్తే అద్దం చుట్టూ ఉన్న రబ్బరు, వైపర్ల కింద ఆకులతో నిండిన గాడి, తలుపుల అడుగున పూడిపోయిన రంధ్రాలు చూడాలి. 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదలో మునిగిన బండి అయితే పక్క సిల్ (తలుపుల కింద పొడవునా ఉండే బోలు ఇనుప భాగం) లోపల ఇంకా బురద ఉండొచ్చు. అది తేమను పట్టి ఉంచి లోపలి నుంచే రేకును తినేస్తుంది.

పరిష్కారం: సీట్లు, కార్పెట్ తీసేయండి. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. ఇంకొకరు బయట పైపుతో కింది నుంచి పైకి, ఒక్కోచోట కొన్ని నిమిషాలు నీళ్లు పట్టాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా జారి, ఏ సందులోంచి వచ్చాయో తెలియదు.

సమస్య: పైకి బాగానే ఉంది, కాలితో తొక్కితే మెత్తగా దిగుతోంది.

కారణం: నల్లటి తారు షీటు కింద తుప్పు దాక్కుంది.

పరిష్కారం: షీటు గీకేసి స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. మంచి రేకు ఖంగున మోగుతుంది, చెడిపోయింది మొద్దుగా పలుకుతుంది.

సమస్య: చిల్లు పడింది.

పరిష్కారం: ఎంసీల్, ఫైబర్, పుట్టీ వద్దు. వాటి వెనక తుప్పు హాయిగా పెరుగుతుంది. మెరిసే రేకు కనిపించేదాకా చెడ్డభాగం కోసేయాలి. ఎంత కోయాలో చూస్తే భయమేస్తుంది, అయినా కోయాల్సిందే. అట్టముక్కతో కొలత తీసుకుని 20 గేజ్ సీఆర్ రేకు (జింక్ పూత లేని ఉక్కు రేకు) కత్తిరించండి. జింక్ పూత ఉన్న జీఐ రేకు వద్దు, వెల్డింగ్‌లో వచ్చే జింక్ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. బ్యాటరీ వైరు విప్పండి. పెట్రోల్ పైపు ఫ్లోర్ కిందే వెళ్తుంది కాబట్టి దాన్ని పక్కకు తప్పించాకే నిప్పు రాజేయాలి. సీఓటూ వెల్డింగ్‌తో (సన్నటి తీగ, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చేసేది) దూరదూరంగా చుక్కలు పెట్టుకుంటూ రావాలి. ఒకేచోట గీత లాగితే రేకు వంకరపోతుంది. తర్వాత రెండువైపులా ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద నీళ్లు దూరకుండా సీమ్ సీలర్, కింద తుప్పు పట్టకుండా అండర్‌కోటింగ్ పూత. కిందివైపు వదిలేస్తే పెట్టిన రేకు కూడా పోతుంది.

సమస్య: జాకీ పెడితే రేకు లోపలికి పోతోంది, తలుపు సరిగ్గా పడటం లేదు.

కారణం: సిల్ పోయింది. బండి బరువు మోసేది అదే.

పరిష్కారం: ఇది ఇంట్లో చేసే పని కాదు. కోసే ముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప గొట్టం అతికించే టింకర్ (బాడీ రేకు పని చేసే మేస్త్రి) దగ్గరికే వెళ్లండి, లేదంటే బాడీ కుంగిపోతుంది. సీటు బోల్టులు, సీటుబెల్టు బిగించే చోట కూడా అతన్ని చూడమనండి. అక్కడ తుప్పుంటే ప్రాణానికే ప్రమాదం.

పని అయ్యాక కార్పెట్ వెంటనే వేయకండి. ఒక గట్టి వాన పడ్డాక చేత్తో తడిమి చూసి, పొడిగా ఉంటేనే వేయండి.