తొమ్మిదో నంబర్ అమ్మాయి కెరీర్ గురించి రాయాలంటే

ఇటలీ మహిళల రగ్బీ జట్టులో తొమ్మిదో నంబర్ జెర్సీతో స్క్రమ్ హాఫ్‌గా ఆడిన సారా బరత్తిన్ గురించి మొదటిసారి ఒక పేజీ రాసినప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎన్ని పాయింట్లు కొట్టిందో వెతికి, "ఇంతేనా!" అనుకుని నాలుగు ముక్కలతో ముగించేశాను. మీరలా చేయకండి.

ముందు ఆటగత్తె ఏ స్థానంలో ఆడుతుందో చూడండి. ట్రైకి, అంటే బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించి నేలకు ఆనిస్తే 5 పాయింట్లు, ఆ తర్వాత గోల్‌కి కొట్టే కన్వర్షన్ కిక్‌కి 2, ఎదుటి జట్టు తప్పుకు దొరికే పెనాల్టీ కిక్‌కి 3. మికేలా సిల్లారిలా గోల్ కిక్‌లు కొట్టే అమ్మాయి ఖాతా నిండుతుంది. స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల వాళ్లు ఒకర్నొకరు తోసుకునే గుంపులో, ముందు వరుసలో బరువు మోసే లుచియా గాయ్ లాంటి ప్రాప్ ఖాతాలో పాయింట్లు పెద్దగా కనపడవు. తొమ్మిదో నంబర్ పని ఇంకోలా ఉంటుంది: స్క్రమ్‌లోకి బంతి వేయాలి, కుప్పపడిన ఒళ్ల మధ్యలోంచి తీసి పాస్ ఇవ్వాలి. మ్యాచ్ వేగమంతా ఆమె చేతుల్లోనే ఉంటుంది, స్కోరు పట్టికలో మాత్రం ఆ సంగతి ఎక్కదు.

తర్వాత క్యాప్‌లు, అంటే దేశం తరఫున ఆడిన మ్యాచ్‌లు. ఇటలీ మహిళల్లో 100 క్యాప్‌లు అందుకున్న మొదటి ఆటగత్తె బరత్తిన్, 2022లో. ఈ అంకెను ఊరికే రాసి వదిలేయకుండా క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. ఆరు యూరప్ జట్లు ఏటా ఆడే సిక్స్ నేషన్స్ టోర్నీలో ఇటలీ చేరింది 2007లో. అందులో ఏడాదికి ఆడేది 5 మ్యాచ్‌లే. కోవిడ్ వల్ల 2021లో 3కి తగ్గాయి. ఆ లెక్కన వంద అంటే ఎన్నేళ్లు గాయాలు కాచుకుంటూ జట్టులో చోటు నిలుపుకోవాలో మీకే తెలుస్తుంది.

నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం ఖాళీల దగ్గర. ఇటలీ 2002లో ప్రపంచ కప్ ఆడింది. మళ్లీ ఆడింది 2017లో, ఐర్లండ్‌లో. మధ్యలో 2006, 2010, 2014 మూడూ పోయాయి. మంచి వయసంతా ఆ ఖాళీలోనే గడిచిపోయిన ఆటగత్తెలున్నారు. వాళ్ల జాబితాలో "ప్రపంచ కప్: 0" అని ఉంటే అది చేతకానితనం అనుకోకండి. పక్కనే కారణం రాయండి.

ఏళ్ల దగ్గర ఒక ఉచ్చుంది, నేను రెండుసార్లు పడ్డాను. 2021 ప్రపంచ కప్ పేరుకే 2021, న్యూజిలాండ్‌లో జరిగింది 2022లో. అందులో ఇటలీ అమెరికాను 22-10తో, జపాన్‌ను 21-8తో ఓడించి తొలిసారి క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. అక్కడ ఫ్రాన్స్ చేతిలో ఓడింది. పేజీలో టోర్నీ పేరు, ఆడిన ఏడు రెండూ పెట్టండి, లేకపోతే వయసు లెక్కలన్నీ తప్పుతాయి. జట్టుకు ఏడుగురే ఆడే సెవెన్స్ రగ్బీ మ్యాచ్‌లను కూడా ఈ క్యాప్‌ల్లో కలపకూడదు, అది వేరే ఆట.

జీతం సంగతి కూడా ఒక వాక్యం రాయండి. ఇటలీ ఫెడరేషన్ అమ్మాయిలకు కాంట్రాక్టులు మొదలుపెట్టింది 2022లోనే. అంతకుముందు ఉద్యోగమో చదువో చేసుకుంటూనే ఆడాలి.

ఇవన్నీ కాగితం మీద పెట్టాక ఒక మ్యాచ్ పెట్టుకోండి. మొదటి ఇరవై నిమిషాలు బంతిని వదిలేసి తొమ్మిదో నంబర్‌నే చూడండి. ఎన్నిసార్లు పాస్ ఇచ్చిందో గీతలు పెట్టుకోండి. నా కాగితం మీద చోటు చాలక వెనక్కి తిప్పాల్సి వచ్చింది.