పాత ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్) వేసే ముందు

ఆన్ అవడానికి ఐదు నిమిషాలు పడుతోందంటే హార్డ్ డిస్క్ చివరి దశలో ఉందేమో. అందుకే ముందు ఫొటోలు, ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డిస్క్ నుంచి టకటకమని శబ్దం వస్తుంటే డిస్క్‌ను సర్దే డీఫ్రాగ్, తప్పులు వెతికే చెక్‌డిస్క్ లాంటి ప్రోగ్రాములు అస్సలు నడపొద్దు. ఆ శ్రమకే అది పూర్తిగా పోవచ్చు.

బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉందా? ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో దాస్తే తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే.

ఎస్ఎస్‌డీ కొనేముందు పాత డిస్క్ 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఒక కనెక్టర్) రకమేనా చూడండి, కొత్తది అదే చోట పట్టాలి కదా.

మూత విప్పేముందు షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. స్క్రూల పొడవులు ఒకేలా ఉండవు, ఏది ఎక్కడిదో ఫొటో తీసుకోండి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే మాత్రం ముట్టుకోకుండా మెకానిక్‌కి ఇచ్చేయండి.